శుభవార్త వింటే ఊరుకునే ఎంజైమ్

(డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ఇవాళ ఒక్క ఎంజైమ్ గురించే మాట్లాడతాను. దాని పేరు కీ-ఏ. కీమోటాక్సిస్ అన్న మాటలోని మొదటి అక్షరాల పక్కన ఏ చేర్చి పెట్టిన పేరు అది. మన పాఠ్యపుస్తకాల్లో రసాయన అనుచలనం అని రాస్తారు. రసాయనాల జాడ పట్టుకుని కదలడం అన్నమాట. వెనక వరసలో ఉన్నవాళ్లు కాస్త ముందుకు వచ్చి కూర్చోండి, నేను బోర్డు మీద బొమ్మలు గీస్తాను.

ముందు ఆ ఎంజైమ్ కాపురం ఉండే ఇల్లు చూద్దాం. ఇ. కోలై అనే బ్యాక్టీరియా. మన పేగుల్లోనే ఉంటుంది. పొడవు సుమారు 2 మైక్రోమీటర్లు. ఒంటి మీద అక్కడక్కడా నాలుగైదు కశాభాలు, అంటే ఈదడానికి వాడే సన్నని తోకలు, ఒక్కొక్క కశాభం మొదట్లో ఒక మోటారు. ఆ మోటారు సెకనుకు వంద చుట్ల వరకూ తిరుగుతుంది. దాంతో బ్యాక్టీరియా సెకనుకు 20, 30 మైక్రోమీటర్లు ఈదుతుంది. తన పొడవుకు పదింతలు!

కానీ ఆ ఈత మన ఈత లాంటిది కాదు. మనం చెరువులో రెండు బారలు వేసి ఊరుకున్నా కాసేపు ముందుకు జారతాం. దానికి ఆ వీలు లేదు. అంత చిన్న ప్రాణికి నీళ్లు ముదురుపాకంలా తగులుతాయి. మోటారు ఆగితే అక్కడికక్కడే ఆగిపోతుంది, పరమాణువు వెడల్పంత కూడా జారదు. పైగా చుట్టూ ఉన్న నీటి అణువులు క్షణం తీరిక లేకుండా దాన్ని గుద్దుతూనే ఉంటాయి. పది సెకన్లు తిరిగేసరికి ఎటు బయల్దేరిందో ఆ దిక్కు పోతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఏ నిర్ణయమైనా ఆ పది సెకన్ల లోపే జరగాలి.

దాని ఈత ఎలా ఉంటుందో 1972లో హోవర్డ్ బర్గ్, డగ్లస్ బ్రౌన్ కొలిచి చూపించారు. కదిలే బ్యాక్టీరియాను వెంటాడే మైక్రోస్కోపును బర్గ్ తయారుచేశాడు. అందులో కనిపించింది ఇదీ: ఒక సెకను పాటు దాదాపు తిన్నగా పరుగు. తర్వాత సెకనులో పదో వంతు ఒక పల్టీ. మళ్లీ పరుగు. మోటార్లన్నీ అపసవ్యంగా, గడియారం ముల్లుకు ఎదురుగా తిరిగితే కశాభాలన్నీ ఒక జడలా అల్లుకుని వెనక నుంచి తోస్తాయి. అది పరుగు. మోటారు సవ్యదిశకు మారితే జడ విడిపోతుంది. అది పల్టీ. పల్టీ తర్వాత ఎటు తిరుగుతుందో దాని చేతిలో లేదు. సగటున 68 డిగ్రీలు తిరుగుతుందని లెక్క తేలింది.

మరి ఎటు తిరగాలో తెలియని ప్రాణి తిండి దగ్గరికి ఎలా చేరుతుంది? పరుగు మంచి దిక్కులో సాగుతుంటే పల్టీని వాయిదా వేస్తుంది. అంతే. దిక్కు ఎంచుకోలేదు, ఉన్న దిక్కులో ఎంతసేపు ఉండాలన్నది మాత్రం తేల్చుకుంటుంది.

మంచి దిక్కో కాదో ఎలా తెలుసు? తల దగ్గర తిండి ఎంత, తోక దగ్గర ఎంత అని పోల్చి చూస్తుందేమో అనిపిస్తుంది. 1972లోనే మాక్‌నాబ్, కోష్‌ల్యాండ్ ఇద్దరూ దీన్ని తేల్చేశారు. బ్యాక్టీరియా ఉన్న ద్రవంలో ఇష్టమైన రసాయనాన్ని ఒక్కసారిగా, అన్నివైపులా సమానంగా కలిపేశారు. ఇప్పుడు తలకీ తోకకీ తేడా ఏమీ లేదు. అయినా బ్యాక్టీరియాలన్నీ పల్టీలు మానేసి తిన్నగా ఈదాయి, కాసేపటికి మళ్లీ మామూలైపోయాయి. అంటే అవి పోల్చేది చోటును కాదు, కాలాన్ని. ఇప్పటి రుచిని కాసేపటి క్రితం రుచితో పోలుస్తున్నాయి. మెదడు లేదు, నరం లేదు, ఉన్నది ఒక్క కణం. ఆ కణానికి జ్ఞాపకం ఉంది.

ఈ ప్రయోగం గురించి మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ వయసులో కూడా తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ఇక జూలియస్ ఆడ్లర్ దగ్గరికి వద్దాం. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం, మాడిసన్. 1960లలో ఆయన ఒక పాత ప్రశ్నను మళ్లీ ఎత్తుకున్నాడు. ఎనభై ఏళ్ల ముందే జర్మనీలో విల్హెల్మ్ ఫెఫర్, సన్నని గాజు గొట్టంలో మాంసరసం నింపి పెడితే బ్యాక్టీరియా వచ్చి అందులోకి దూరడం చూశాడు. ఎందుకు వస్తాయి? తిండి తింటే వచ్చే శక్తి వల్లనా, లేక వాసన లాంటిదేమైనా ఉందా? గాలక్టోజ్ అనే చక్కెరను ఏ మాత్రం జీర్ణం చేసుకోలేని ఉత్పరివర్తితాలను, అంటే జన్యువు మారిన బ్యాక్టీరియాలను, ఆడ్లర్ తీసుకున్నాడు. వాటికి గాలక్టోజ్ తిండే కాదు. అయినా గొట్టంలోకి వచ్చి చేరాయి! అంటే లాభం చూసుకుని రావడం లేదు, పసిగట్టి వస్తున్నాయి. పసిగట్టే గ్రాహకాలు, అంటే రసాయనం వచ్చి తగిలే ప్రోటీన్లు, వేరే ఉన్నాయని 1969లో ప్రకటించాడు. ఈదగలిగి కూడా జాడ పట్టలేని ఉత్పరివర్తితాలను వెతికి పట్టుకుంటే, ఒక్కొక్కదానిలో చెడిపోయిన జన్యువుకు ఒక్కొక్క అక్షరం వచ్చింది. కీ-ఏ, కీ-బి, కీ-ఆర్, కీ-డబ్ల్యూ, కీ-వై, కీ-జెడ్. ఈ ఆరుగురిలో పెద్ద దిక్కు కీ-ఏ.

[బోర్డు మీద గీస్తూ] ఇదిగో, ఇలా ఉంటుంది. ఇ. కోలైలో కీ-ఏ 654 అమైనో ఆమ్లాల గొలుసు. ఎప్పుడూ జంటగా ఉంటుంది, రెండు గొలుసులు కలిసి ఒక ఎంజైమ్. ఒక్కో గొలుసులో ఐదు ఖండాలు. వాటిని పీ-1 నుంచి పీ-5 దాకా పిలుస్తారు. మధ్యలో ఉన్న పీ-3 జంటను కలిపి ఉంచుతుంది. రెండు గొలుసుల నుంచీ రెండేసి పొడుగాటి హెలిక్స్‌లు, అంటే మెలి తిరిగిన చుట్టలు, వచ్చి నాలుగు కర్రల కట్టలా బిగుసుకుంటాయి. పీ-4 అసలు పనిమంతురాలు, కణానికి శక్తినిచ్చే అణువైన ఏటీపీని పట్టుకుని దాని చివరి ఫాస్ఫేట్‌ను తీసే చోటు. పీ-5 గ్రాహకాలకూ కీ-డబ్ల్యూ అనే ప్రోటీన్‌కూ అతుక్కుంటుంది, కబురు అందేది అక్కడే. పీ-1లో 48వ స్థానంలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఉంది, ఫాస్ఫేట్ వచ్చి కూర్చునేది దాని మీద. పీ-2 ఆ ఫాస్ఫేట్‌ను పట్టుకుపోవడానికి వచ్చేవాళ్లకు నిలబడే గుమ్మం.

ఇక్కడొక చిత్రమైన సంగతి. ఒక గొలుసు పీ-4 తన సొంత పీ-1 మీద ఫాస్ఫేట్ పెట్టదు. పక్క గొలుసు పీ-1 మీద పెడుతుంది. పేరంటంలో ఎవరి బొట్టు వాళ్లు పెట్టుకోరు కదా, ఎదుటివాళ్ల నుదుట పెడతారు. అచ్చం అలాగే. ఎలా తెలిసిందంటారా? ఒక గొలుసులో హిస్టిడిన్ లేకుండా చేశారు, ఇంకో గొలుసులో పీ-4ను పాడుచేశారు. విడివిడిగా రెండూ పనికిరావు. రెండింటినీ కలిపితే జంట కట్టి ఫాస్ఫేట్ వచ్చి కూర్చుంది. ప్రకృతిలోనే ఇ. కోలై ఇంకో పొట్టి కీ-ఏను కూడా తయారుచేస్తుంది. అదే జన్యువులో 98వ అమైనో ఆమ్లం దగ్గర మొదలయ్యే గొలుసు. దానికి ఆ హిస్టిడిన్ ఉన్న భాగమే లేదు, కానీ పక్కవాళ్లకు బొట్టు పెట్టగలదు.

1999లో ఈ ఎంజైమ్ రూపం మొదటిసారి కళ్లకు కట్టింది. అలెగ్జాండ్రిన్ బిల్వెస్, బ్రయన్ క్రేన్, మెల్విన్ సైమన్ తదితరులు ఎక్స్-రే స్ఫటిక పద్ధతిలో చూశారు. వాళ్లు ఇ. కోలై ఎంజైమ్‌ను తీసుకోలేదు. థెర్మోటోగా మారిటిమా అని, సముద్రపు వేడి ఊటల్లో 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర హాయిగా పెరిగే బ్యాక్టీరియా ఉంది. దాని ఎంజైమ్‌ను తీసుకున్నారు. అంత వేడికి తట్టుకునే ప్రోటీన్ గట్టిగా ఉంటుంది, స్ఫటికం కట్టడానికి లొంగుతుంది. అయినా వాళ్లు చూడగలిగింది పీ-3, పీ-4, పీ-5 మాత్రమే. పీ-1, పీ-2లను ముందే కత్తిరించేశారు. ఎందుకంటే అవి సన్నని, వదులైన తాళ్ల చివర వేలాడుతూ ఉంటాయి. ఊగే వస్తువు స్ఫటికంలో ఒదగదు.

ఆ వదులు తాళ్లే నాకు ఈ ఎంజైమ్‌లో అన్నిటికన్నా ఇష్టం. మనం పాఠాల్లో ఎంజైమ్ అనగానే తాళం, తాళంచెవి బొమ్మ గీస్తాం. బిగుతుగా, కదలకుండా. ఇక్కడ పీ-1 పీ-4 దగ్గరికి వెళ్లి ఫాస్ఫేట్ తీసుకోవాలి, మళ్లీ తిరిగొచ్చి కీ-వై చేతికివ్వాలి. ఊయల లాంటి పని. గట్టిగా కట్టేస్తే పని ఆగిపోతుంది. అందుకని ఈ బొమ్మ గీసేటప్పుడు తాళ్లను తిన్నగా గీయకండి, వంకరగా గీయండి.

పీ-4 గురించి ఇంకో మాట. దాని ఏటీపీ జేబు మన కణాల్లోని మామూలు కైనేజుల, అంటే ఫాస్ఫేట్ అంటించే ఎంజైమ్‌ల, జేబులా ఉండదు. డీఎన్ఏను మెలితిప్పే గైరేజ్, వేడికి దెబ్బతిన్న ప్రోటీన్లను సరిచేసే హెచ్‌ఎస్‌పీ-90, డీఎన్ఏ తప్పులు దిద్దే మ్యూట్-ఎల్, వాటి జేబుతో దీనికి పోలిక. దాయాదులు ఎక్కడెక్కడ ఏ పనుల్లో ఉన్నారో చూడండి.

ఇప్పుడు ఫాస్ఫేట్ సంగతి. ఇది తెలుగువాళ్ల ముందు చెప్పకుండా వెళ్లలేను. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రచురించారు. మాలిబ్డేట్ ఉన్న ఆమ్ల ద్రావణంలో నీలం రంగు వస్తుంది, ఆ రంగు చిక్కదనాన్ని బట్టి ఫాస్ఫేట్ లెక్క. బయోకెమిస్ట్రీ చదివేవాళ్లు ఆ పేరు వినే ఉంటారు. ఆ పద్ధతిలో కండరం నుంచి తీసిన రసాన్ని పరీక్షిస్తే నీలం రంగు రావలసినంత త్వరగా రాలేదు. నెమ్మదిగా పెరిగింది. ఇంకొకరైతే పరికరం తప్పనుకుని వదిలేసేవారు. ఆ ఆలస్యం దేనివల్ల అని వీళ్లు పట్టుకున్నారు. కండరంలో ఏదో పదార్థం ఫాస్ఫేట్‌ను దాచుకుని, ఆమ్లంలో మెల్లగా విరిగి వదులుతోంది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927. రెండేళ్లకే ఏటీపీని కూడా వేరుచేశారు. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా ఏటీపీని కనుక్కున్నాడు.

దీనికీ కీ-ఏకూ సంబంధం ఏటీపీ ఒక్కటే కాదు. ఫాస్ఫోక్రియాటిన్‌లో ఫాస్ఫేట్ అంటుకుని ఉండేది నత్రజనికి. కీ-ఏ హిస్టిడిన్ మీద కూడా ఫాస్ఫేట్ కూర్చునేది నత్రజని మీదే. అదే రకం బంధం, ఆమ్లం తగిలితే విరిగిపోతుంది. మన కణాల్లో సెరీన్ అనే ఇంకో అమైనో ఆమ్లం మీద కూర్చున్న ఫాస్ఫేట్ అలా కాదు, నిలకడగా ఉంటుంది. ప్రోటీన్లను ఆమ్లంతో అవక్షేపించడం ప్రయోగశాలల్లో మామూలు అలవాటు. ఆ అలవాటు వల్ల హిస్టిడిన్ మీది ఫాస్ఫేట్లు చాలాకాలం ఎవరి కంటా పెద్దగా పడలేదు. సెరీన్ ఫాస్ఫేట్ పచ్చబొట్టు లాంటిదైతే హిస్టిడిన్ ఫాస్ఫేట్ చేబదులు. పట్టుకుని ఉంచుకోవడానికి కాదు, వెంటనే ఇంకొకరికి ఇవ్వడానికి.

ఆ ఇంకొకరు కీ-వై. చిన్న ప్రోటీన్. పీ-2 గుమ్మం దగ్గర నిలబడి, పీ-1 మీది ఫాస్ఫేట్‌ను తన 57వ స్థానంలోని ఆస్పార్టేట్ మీదికి తీసుకుంటుంది. తీసుకోగానే రూపం కొద్దిగా మారుతుంది, పట్టు వదులుతుంది, కణద్రవంలో తేలుతూ వెళ్లి మోటారు అడుగున ఉండే ఫ్లీ-ఎమ్ అనే ప్రోటీన్‌కు అతుక్కుంటుంది. మోటారు సవ్యదిశకు తిరుగుతుంది. జడ విడిపోతుంది. పల్టీ!

ఫాస్ఫేట్ ఉన్న కీ-వై తనంతట తాను దాన్ని వదిలించుకోవాలంటే పదుల సెకన్లు పడుతుంది. పది సెకన్ల లెక్క గుర్తుందా? అంత ఆలస్యమైతే కబురు పాచిపోతుంది. అందుకే కీ-జెడ్ ఉంది. అది ఆ ఫాస్ఫేట్‌ను సెకను లోపే ఊడబెరుకుతుంది. కీ-జెడ్ లేని ఉత్పరివర్తితం పల్టీలు కొడుతూనే ఉంటుంది.

ఇప్పుడు అసలు మాట. ఇందాకటి నుంచీ దీనికోసమే వస్తున్నాను. తిండి దొరికితే కీ-ఏ ఏం చేస్తుంది? ఆస్పార్టేట్ అనే అమైనో ఆమ్లం ఇ. కోలైకి ఇష్టమైన తిండి కూడా, అది గ్రాహకానికి తగిలితే ఎంజైమ్ జోరందుకుంటుందని ఎవరైనా అనుకుంటారు. జరిగేది అందుకు తిరగబడి ఉంటుంది. గ్రాహకం ఖాళీగా ఉన్నప్పుడు కీ-ఏ జోరుగా పనిచేస్తుంది, విడిగా ఉన్నప్పటికన్నా వందల రెట్లు. తిండి వచ్చి గ్రాహకానికి తగలగానే ఊరుకుంటుంది. ఫాస్ఫేట్ ఆగుతుంది, కీ-వై ఖాళీ అవుతుంది, పల్టీ వాయిదా పడుతుంది, పరుగు సాగుతుంది. శుభవార్త వింటే ఊరుకునే ఎంజైమ్ ఇది. కబురేమీ లేనప్పుడు మాత్రం ‘తిరుగు, తిరుగు’ అని పోరుతూనే ఉంటుంది.

ఆ కబురు ఎంత చిన్నదో చూడండి. ఆస్పార్టేట్ అతుక్కున్నప్పుడు గ్రాహకంలోని ఒక హెలిక్స్ త్వచం గుండా ఒకటి రెండు ఆంగ్‌స్ట్రామ్‌లు కిందికి జరుగుతుంది. పరమాణువు వెడల్పంత. అక్కణ్ణుంచి కీ-ఏ ఉన్న కొసకు 200 ఆంగ్‌స్ట్రామ్‌లకు పైనే దూరం. అంత సన్నని కదలిక అంత దూరం ఎలా చేరి ఎంజైమ్‌ను ఆపుతుందన్న దాని మీద పరిశోధన ఇంకా సాగుతోంది. మీలో ఎవరైనా అటు వెళితే నాకు సంతోషం.

గ్రాహకం ఒక్కటే విడిగా ఉండదు. రెండేసి గ్రాహకాలు ఒక జత, మూడు జతలు కలిసి ఒక గుత్తి. రెండు గుత్తులకు ఒక కీ-ఏ జంట, రెండు కీ-డబ్ల్యూలు. ఇలాంటివి వేలు కలిసి కణం కొసన తేనెపట్టులా ఆరు మూలల గళ్లతో పరుచుకుంటాయి. గడికీ గడికీ మధ్య 12 నానోమీటర్లు. ఆరియన్ బ్రీగెల్, గ్రాంట్ జెన్సన్ బృందం 2009లో కణాలను అతిశీతలంలో గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూస్తే, వేర్వేరు జాతుల బ్యాక్టీరియాల్లో ఇదే అల్లిక కనిపించింది. అందరూ చేతులు పట్టుకుని నిలబడ్డట్టు ఉండటం వల్ల ఒక గ్రాహకానికి తగిలిన కబురు ఇరుగుపొరుగు ఎంజైమ్‌లను కూడా ఆపుతుంది. అందుకే రుచిలో ఇసుమంత తేడా వచ్చినా కణానికి తెలిసిపోతుంది.

జ్ఞాపకం మాట మిగిలింది. వంటింట్లోకి వెళ్లగానే తాలింపు వాసన గుప్పుమంటుంది, కాసేపుంటే తెలియదు. బ్యాక్టీరియాకూ అంతే. కీ-ఆర్ అనే ఎంజైమ్ గ్రాహకం కాళ్ల మీద మిథైల్ గుంపులను అంటిస్తుంది. అవి చేరేకొద్దీ కీ-ఏ మళ్లీ జోరందుకుంటుంది. కీ-బి వాటిని తీసేస్తుంది. కీ-బికి ఊపు ఎవరిస్తారు? కీ-ఏనే, తన ఫాస్ఫేట్ ఇచ్చి. తన జోరును తగ్గించేవాళ్లను తనే పురికొల్పుతుంది. గ్రాహకం మీద ఎన్ని మిథైళ్లున్నాయన్నదే కాసేపటి క్రితం రుచి ఎంతో చెప్పే లెక్క. 1997లో బార్కై, లీబ్లర్ ఇద్దరూ గణితంతో ఒక మాట చెప్పారు: ఈ ప్రోటీన్లు ఎక్కువైనా తక్కువైనా కణం మళ్లీ సరిగ్గా మామూలు స్థితికే వస్తుందని. రెండేళ్లకు ఉరీ ఆలన్ తదితరులు ప్రయోగంతో అది నిజమని చూపించారు.

అన్ని బ్యాక్టీరియాలూ ఇలాగే చేయవు. బాసిల్లస్ సబ్టిలిస్‌లో తిండి తగిలితే కీ-ఏ జోరందుకుంటుంది, మోటారు భాష కూడా తిరగబడి ఉంటుంది కాబట్టి చివరికి అదే పరుగు. వేరుశనగ విత్తనానికి బెల్లం నీళ్లతో రైజోబియం పట్టించడం మీ ఇళ్లల్లో చూసే ఉంటారు. పప్పుజాతి వేళ్లు విడిచే రసాయనాల వైపు ఆ జాతి బ్యాక్టీరియాలు ఈదుకుంటూ వెళతాయి, అక్కడ కూడా కీ-ఏలే. కలరా క్రిమిది ఇంకో దారి. రోగి శరీరం నుంచి బయటపడే వేళకు అది ఈ జన్యువుల పనిని తగ్గించుకుని ఉంటుంది. ఎలుక పిల్లల మీద ప్రయోగాల్లో, జాడ పట్టలేని కలరా ఉత్పరివర్తితాలు కొన్ని మామూలువాటి కన్నా సులువుగా పాతుకున్నాయి.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి. చెప్పమ్మా.

[ఒక విద్యార్థిని: సార్, కీ-ఏ జన్యువు తీసేస్తే బ్యాక్టీరియా చనిపోతుందా?]

మంచి ప్రశ్న అడిగావమ్మా. చనిపోదు. ఫ్లాస్కులో పోషకాలు పోసి కలుపుతూ ఉంటే మామూలుదానితో సమానంగా పెరుగుతుంది. ఈదుతుంది కూడా, ఎక్కడా పల్టీ లేకుండా. మైక్రోస్కోపులో చూస్తే ఇదే మెరుగ్గా ఈదుతోందనిపిస్తుంది.

అందుకే ఈ రెండు ప్లేట్లు తెచ్చాను. అందరికీ అందించండి, టేపు వేసి ఉంది, మూత తీయకండి. పలచటి అగార్ జెల్లీ, అందులో తిండిగా ట్రిప్టోన్. నిన్న రాత్రి రెండింటి నడుమా ఒక్కొక్క చుక్క పెట్టాను. మొదటి ప్లేటులో మామూలు ఇ. కోలై. వెలుతురుకు అడ్డం పెట్టి చూడండి, ఒకదాని లోపల ఒకటి రెండు వలయాలు కనిపిస్తాయి. బయటి వలయంలోవి సెరీన్‌ను తినేస్తూ దాని వెంట పోతున్నాయి, లోపలి వలయంలోవి ఆస్పార్టేట్ వెంట. రెండో ప్లేటులో కీ-ఏ లేనివి. చుక్క పెట్టిన చోటే ముద్దగా ఉన్నాయి చూశావా? అగార్ అంటే సన్నని దారుల వల. తిన్నగా ఈదుకుంటూ వెళ్లి ఒక మూసుకుపోయిన సందులో ఇరుక్కుంటాయి. పల్టీ కొడితేగానీ బయటికి రాలేవు. అవి ఇప్పుడు కూడా ఈదుతూనే ఉన్నాయమ్మా, ఆ సందు గోడకేసి. జాగ్రత్తగా పక్కవాళ్లకు ఇవ్వు.